యాప్‌లో ఇబ్బంది ఎక్కడుందో కనిపెట్టడానికి ఆరు పద్ధతులు: మీకు ఏది సరిపోతుంది?

"డౌన్‌లోడ్లు బాగానే ఉన్నాయండీ, వాడేవాళ్ళే నిలవడం లేదు. సర్వే పెట్టమంటారా, ఏ/బీ టెస్ట్ చేయమంటారా, లేకపోతే ఎవరైనా యూఎక్స్ నిపుణుడికి చూపించమంటారా?"

చిన్న టీములతో కూర్చున్నప్పుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్న ఇది. (ఏ/బీ టెస్ట్ అంటే రెండు డిజైన్లను వేర్వేరు యూజర్లకు చూపించి పోల్చడం. యూఎక్స్ అంటే యూజర్ ఎక్స్‌పీరియన్స్, యాప్ వాడేవాళ్ళ అనుభవం.) అడిగేవాళ్ళ దగ్గర ఒక నెల టైమ్, కొద్దిపాటి డబ్బు ఉంటాయి. పద్ధతి తప్పుగా ఎంచుకుంటే ఆ రెండూ ఖర్చయిపోయి చేతిలో ఒక నంబర్ మిగులుతుంది. ఆ నంబర్ చూసి ఏ స్క్రీన్ మార్చాలో మాత్రం ఎవరూ చెప్పలేరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏం చేయాలో తోచనప్పుడు, మీ యాప్ నిజంగా వాడాల్సిన ఐదుగురి పక్కన కూర్చుని, వాళ్ళు వాడుతుంటే నోరు మెదపకుండా చూడండి. మిగతా పద్ధతులకూ విలువ ఉంది. కాకపోతే ఒక్కొక్కటీ ఒక్కో రకం ప్రశ్నకే జవాబిస్తుంది. ఆ ప్రశ్న మీకు ఉందో లేదో తేల్చుకోకుండా వాటి మీద డబ్బు పెట్టకండి.

ఉదాహరణలకు నేను దగ్గరగా చూసిన ఒక యాప్‌నే తీసుకుంటాను. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో కిరాణా కొట్టు నడిపేవాళ్ళు హోల్‌సేల్ సరుకుకు ఆర్డర్ పెట్టుకునే యాప్ అది.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

అసలు "బాగుంది" అంటే ఏమిటో టీమంతా ఒక మాట మీద ఉండాలి. దీనికి ఐఎస్ఓ 9241-11 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 1998లో వచ్చింది, 2018లో సవరించారు. అది మూడు విషయాలు అడుగుతుంది. మనిషి అనుకున్న పని పూర్తయిందా? దానికి ఎంత టైమ్, ఎంత శ్రమ పట్టింది? పని అయ్యాక తృప్తిగా ఉన్నాడా? ఈ మూడింటినీ ఫలానా మనుషులు, ఫలానా పని, ఫలానా పరిస్థితి అని చెప్పుకున్నాకే కొలవాలని కూడా అంటుంది. చాలామంది వదిలేసేది ఈ చివరి ముక్కనే. ఏసీ గదిలో కూర్చున్న ఇంజినీరు చేతిలో హాయిగా నడిచే యాప్, గల్లాపెట్టె ముందు నిలబడి ఒక చేత్తో పప్పు తూస్తూ ఇంకో చేత్తో ఫోన్ పట్టుకున్న మనిషికి అదే యాప్ కాదు.

ఆ తర్వాత పద్ధతిని ఈ నాలుగు ప్రశ్నలతో జల్లెడ పట్టండి.

మీకు కావలసిన జవాబు ఏ రకం? "ఎక్కడ ఆగిపోతున్నారు", "ఎందుకు ఆగిపోతున్నారు", "ఎంతమంది ఆగిపోతున్నారు", "ఈ రెండు డిజైన్లలో ఏది మేలు" అనేవి నాలుగు వేర్వేరు ప్రశ్నలు. ఒకదానికి పనికొచ్చే పద్ధతి ఇంకోదానికి పనికిరాదు.

యాప్ ఇప్పుడు ఏ దశలో ఉంది? కాగితం మీద గీసిన బొమ్మగా ఉందా, ఫిగ్మాలో (స్క్రీన్లు గీసే డిజైన్ సాఫ్ట్‌వేర్) ఉందా, జనం చేతిలోకి వెళ్ళిపోయిందా? విడుదలయ్యాక దిద్దుకునే అవకాశం అన్ని చోట్లా ఉండదు. 2000 నవంబరులో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు ఫ్లోరిడాలోని పామ్ బీచ్ కౌంటీలో, వృద్ధులకు కనిపించేలా అక్షరాలు పెద్దవి చేయాలని అభ్యర్థుల పేర్లను బ్యాలెట్‌కు రెండు వైపులా వేసి, ఓటుకు గుచ్చే రంధ్రాలను మధ్యలో పెట్టారు. ఏ రంధ్రం ఎవరిదో తెలియక జనం తికమకపడ్డారు. అధ్యక్ష పదవికి ఒకటికి మించి గుచ్చినందువల్ల 19,000 పైగా ఓట్లు ఆ ఒక్క కౌంటీలో చెల్లకుండా పోయాయి. ఫ్లోరిడా మొత్తం ఫలితం తేలింది 537 ఓట్ల తేడాతో. పెద్ద అక్షరాలు పెట్టాలన్న ఉద్దేశం మంచిదే. ముందుగా ఒక పదిమంది పెద్దవాళ్ళ చేతికి ఆ కాగితం ఇచ్చి చూసి ఉంటే తికమక అక్కడే బయటపడేది.

మీకు ఎంతమంది దొరుకుతారు? ఐదుగురా, ఐదు వందలా, యాభై వేలా?

లెక్కలోకి రానివాళ్ళు ఎవరు? సర్వేకి జవాబివ్వనివాళ్ళు, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయనివాళ్ళు, యాప్ ఓపెన్ చేసి భాష అర్థం కాక మూసేసినవాళ్ళు. ప్రతి పద్ధతీ ఎవరో ఒకరిని వదిలేస్తుంది. మీరు ఎవరికోసం యాప్ చేశారో వాళ్ళనే వదిలేసే పద్ధతి ఎంత చవకైనా వద్దు.

## ఒక్క చూపులో

| పద్ధతి | దేనికి జవాబిస్తుంది | ఎంతమంది కావాలి | పట్టే టైమ్ | వదిలేసేది |
|---|---|---|---|---|
| నిపుణుల పరిశీలన | ఎక్కడ తప్పులు కనిపిస్తున్నాయి | 3 నుంచి 5 మంది నిపుణులు | 2, 3 రోజులు | అసలు యూజర్ ఆలోచన |
| యూజర్ టెస్టింగ్ | ఎక్కడ, ఎందుకు | విడతకు 5 మంది | ఒక వారం | ఎంతమందికి ఆ ఇబ్బంది |
| ఫీల్డ్ విజిట్ | ఎందుకు, ఏ పరిస్థితిలో | 5, 6 చోట్లు | వారం, పది రోజులు | ఎంతమందికి ఆ ఇబ్బంది |
| సర్వే | ఎలా అనిపించింది | పద్ధతిని బట్టి 15 నుంచి కొన్ని వందలు | 1, 2 వారాలు | కారణం, జవాబివ్వనివాళ్ళు |
| అనలిటిక్స్ | ఎక్కడ, ఎంతమంది | ఉన్న యూజర్లందరూ | అమర్చాక రోజూ | కారణం |
| ఏ/బీ టెస్ట్ | రెండింటిలో ఏది మేలు | వేలల్లో | వారాలు, నెలలు | కారణం, మూడో దారి |

## నిపుణుల పరిశీలన

యూఎక్స్ తెలిసిన ముగ్గురు, నలుగురు విడివిడిగా కూర్చుని కొన్ని సూత్రాలతో ప్రతి స్క్రీన్‌నూ సరిచూస్తారు. యూఎక్స్ పరిశోధకులు యాకబ్ నీల్సన్, రోల్ఫ్ మోలిక్ 1990లో ఈ పద్ధతిని ప్రతిపాదించారు. ఇప్పుడు అందరూ వాడే పది సూత్రాల జాబితాకు నీల్సన్ 1994లో రూపం ఇచ్చారు. ఏం జరుగుతోందో యూజర్‌కు తెలియాలి, వాళ్ళ భాషలో మాట్లాడాలి, పొరపాటున నొక్కితే వెనక్కి వచ్చే దారి ఉండాలి, ఒకే పనికి అన్ని చోట్లా ఒకే మాట ఉండాలి, ఇలాంటివి.

వెనక్కి వచ్చే దారి ఎందుకంటే, 2018 జనవరి 13న హవాయిలో క్షిపణి దాడి జరగబోతోందని జనం ఫోన్లకు తప్పుడు హెచ్చరిక వెళ్ళింది. అది నిజం కాదని ఫోన్లకు రెండో సందేశం వెళ్ళడానికి 38 నిమిషాలు పట్టింది. హెచ్చరికను సరిదిద్దే సందేశం ముందే సిద్ధం చేసి ఉంచకపోవడం ఆ ఆలస్యానికి ఒక కారణం. "ఇది పొరపాటున వెళ్తే ఎలా?" అని కాగితం మీద అడిగే నిపుణుడు ఒక్కడున్నా పట్టుకోగలిగే లోటు అది.

చవక, త్వరగా అవుతుంది, ఫిగ్మా బొమ్మల మీద కూడా చేయవచ్చు. కానీ ఒక్కరితో సరిపెట్టకండి. నీల్సన్ తన ఆరు ప్రాజెక్టుల్లో చూస్తే ఒక్క నిపుణుడు సగటున 35 శాతం సమస్యలనే పట్టుకోగలిగాడు. ఇద్దరు చూస్తే ఇద్దరికీ వేర్వేరువి కనిపిస్తాయి. అందుకే విడిగా రాసుకుని, తర్వాత కలపాలి. ముందే కలిసి కూర్చుంటే గట్టిగా మాట్లాడేవాడి జాబితాయే మిగులుతుంది.

దీని బలహీనత ఒక్కటే, పెద్దది. కిరాణా యాప్‌ను చూసిన నిపుణులు రంగులు, ఫాంట్లు, బటన్ల చోటు గురించి ఇరవై దాకా తప్పులు రాశారు. అన్నీ సరైనవే. కొట్టువాళ్ళను ఆపేస్తున్న అసలు సమస్య మాత్రం ఆ ఇరవైలో లేదు. ఎందుకంటే వాళ్ళెవరూ ఎప్పుడూ కొట్టు నడపలేదు.

## యూజర్ టెస్టింగ్

నాకు అన్నిటికంటే నమ్మకమైనది ఇది. ఒక మనిషికి ఒక పని ఇచ్చి, చేస్తున్నంతసేపూ మనసులో అనుకుంటున్నది పైకి చెప్పమని, పక్కన కూర్చుని చూడటం.

ఐదుగురు చాలని అందరూ అంటారు. ఆ మాట వెనుక లెక్క తెలుసుకోవాలి. 1993లో నీల్సన్, థామస్ లాండవర్ తమ దగ్గరున్న ప్రాజెక్టుల్లో ఒక సమస్య ఒక యూజర్ దగ్గర బయటపడే అవకాశం సగటున 31 శాతమని లెక్కకట్టారు. అలాగైతే ఐదుగురిలో ఒక్కరి దగ్గరైనా అది బయటపడే అవకాశం 84, 85 శాతం. కానీ ఒక సమస్య పదిమందిలో ఒక్కరికే వస్తుందనుకోండి. అప్పుడు ఐదుగురితో అది కనిపించే అవకాశం 41 శాతమే. అంటే అందరినీ ఇబ్బంది పెట్టే పెద్ద తప్పులకు ఐదుగురు చాలు, అరుదైనవాటికి చాలరు. పైగా ఆ ఐదుగురూ ఒకే రకం మనుషులై ఉండాలి. కొట్టు యజమానులు ఒక రకం, ఆర్డర్ పెట్టే వాళ్ళ కొడుకులు ఇంకో రకం. రెండు రకాలకూ విడిగా ఐదుగురు కావాలి. నా సలహా, పదిహేను మందిని ఒకేసారి కూర్చోబెట్టకండి. ఐదుగురిని చూడండి, దిద్దండి, మళ్ళీ కొత్త ఐదుగురిని చూడండి.

మన దగ్గర ఈ టెస్టింగ్‌ను పాడు చేసేది మొహమాటం. "ఎలా ఉందండీ?" అని అడిగితే "బాగుంది సార్" అంటారు. ఇంటికి వచ్చినవాడు చేసిన పనిని ముఖం మీద బాగాలేదని మనవాళ్ళు అనలేరు. అందుకే అభిప్రాయం అడగకండి, పని ఇవ్వండి. "రేపటికి రెండు డజన్ల సబ్బులు, ఒక నూనె పెట్టె కావాలి, ఆర్డర్ పెట్టండి" అని చెప్పి ఊరుకోండి. పని చెప్పేటప్పుడు బటన్ మీదున్న మాట వాడకూడదు. తెర మీద "కార్ట్‌కు జోడించు" అని ఉంటే మీ నోట "జోడించండి" రాకూడదు. వస్తే జవాబు మీరే చెప్పినట్టు. మొదట్లోనే "పరీక్ష మీకు కాదన్నా, యాప్‌కు. మీకు అర్థం కాలేదంటే తప్పు యాప్‌ది" అని ఒక మాట చెప్పండి. భుజాలు దిగడం మీకే కనిపిస్తుంది.

అన్నిటికంటే కష్టం మీరు మాట్లాడకుండా ఉండటం. అతను తప్పు చోట నొక్కుతుంటే చేయి దానంతట అదే ముందుకు వెళ్తుంది. ఆపుకోండి. "ఇది నొక్కితే ఏమవుతుంది?" అని అడిగితే "ఏమవుతుందనుకుంటున్నారు?" అని తిరిగి అడగండి.

ఇంకొన్ని సంగతులు. మాధాపూర్ ఆఫీసులో పక్క టీమ్ వాళ్ళని కూర్చోబెట్టి యూజర్ టెస్టింగ్ చేశామనుకోకండి. తెలుగులో ఆలోచించేవాళ్ళతో ఇంగ్లీషులో టెస్ట్ నడపకండి, ఆలోచన సగం అక్కడే ఆగిపోతుంది. డబ్బు కట్టే స్క్రీన్ ఉంటే డెమో ఖాతా వాడండి. ఎవరి యూపీఐ పిన్నూ రికార్డింగ్‌లో పడకూడదు. వాళ్ళ టైమ్‌కు తప్పకుండా డబ్బు ఇవ్వండి.

## ఫీల్డ్ విజిట్

యూజర్ టెస్టింగ్‌లో మనిషిని మన పనిలోకి పిలుస్తాం. ఇక్కడ మనమే అతని పనిలోకి వెళ్తాం. టైమ్ ఎక్కువ పడుతుంది, ప్రయాణం ఉంటుంది, కానీ వేరే దారిలో తెలియని సంగతులు దొరుకుతాయి.

కిరాణా యాప్ అసలు కథ ఇక్కడే తేలింది. సరుకు వెతికినవాళ్ళలో సగానికి పైగా సంఖ్య వేసే స్క్రీన్ దగ్గర ఆగిపోతున్నారని అనలిటిక్స్ (యాప్‌లో ఎవరు ఎక్కడిదాకా వచ్చారో నమోదయ్యే లెక్క) చెప్పింది. ధర చూసి ఆగిపోతున్నారని టీమ్ అనుకుంది. రెండు వారాలు తగ్గింపు ఇచ్చారు. ఏమీ మారలేదు. తర్వాత ఖమ్మం చుట్టుపక్కల ఆరు కొట్లకు వెళ్ళి కూర్చున్నాం. మూడో కొట్టులో పెద్దాయన బిస్కెట్లు వెతికారు, ఆ స్క్రీన్ దాకా వచ్చారు, ఆగారు, ఫోన్ పక్కన పెట్టి సేల్స్‌మన్‌కు కాల్ చేశారు. ఎందుకని అడిగితే, "ఒకటి అని వేస్తే ఒక ప్యాకెట్ వస్తుందో, ఒక పెట్టె వస్తుందో ఎవరికి తెలుసు బాబూ? పెట్టె దిగితే డబ్బు ఇరుక్కుంటుంది" అన్నారు. తెర మీద "సంఖ్య: 1" అని మాత్రమే ఉంది. ధర సమస్యే కాదు.

ఆ ఆరు కొట్లలో ఇంకా చాలా కనిపించాయి. ఎండ పడే కౌంటర్ మీద లేత బూడిద రంగు అక్షరాలు అసలు చదవడానికి రావు. చూపు ఆనని పెద్దవాళ్ళు ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుంటారు, అప్పుడు తెలుగు కింద నుంచి కోసుకుపోతుంది. తెలుగులో గుణింతం గుర్తులు పైన, ఒత్తులు కింద ఉంటాయి. ఇంగ్లీషుకు సరిపోయే వరుస ఎత్తులో "లక్ష్మి", "రాష్ట్రం" లాంటి మాటలు ఇరుక్కుంటాయి. బటన్లలో కూడా అంతే, ఇంగ్లీషులో ఒక చిన్న మాట పట్టే చోట "ఆర్డర్ నిర్ధారించండి" పట్టదు, చివర మూడు చుక్కలు పడతాయి. "కార్ట్" అనే మాటను అనువాదకులు ఒక చోట "బండి" అని రాశారు. కొట్టువాళ్ళు దాన్ని సరుకు తెచ్చే వ్యాన్ అనుకున్నారు. వాళ్ళు వాడే మాట "ఆర్డర్ చీటీ". ఉద్దెరకు తీసుకున్న బాకీ ఎంతో యాప్‌లో కనిపించకపోవడం కొందరికి అన్నిటికంటే పెద్ద లోటు. అది మా ప్రశ్నల జాబితాలోనే లేదు.

మీరు తెలుగు యాప్ చేస్తూ, చేసేవాళ్ళంతా ఒకే నగరంలో ఉంటే, ఈ పద్ధతిని కనీసం ఒక్కసారైనా వదలకండి.

## సర్వేలు: ఎస్‌యూఎస్, ఎన్‌పీఎస్

సర్వే అంటే జనం చెప్పేది వినడం. వాళ్ళు చేసేది చూడటం కాదు. ఈ రెండింటి మధ్య దూరం ఎంతో పైన చెప్పిన మొహమాటం కథలోనే ఉంది.

ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) అనే ప్రశ్నావళిని జాన్ బ్రూక్ 1986లో తయారుచేశారు. పది వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు ఎంత ఒప్పుకుంటారో చెప్పాలి. బేసి వాక్యాలు మెచ్చుకునేవి, సరి వాక్యాలు విమర్శించేవి. బేసివాటికి వచ్చిన అంకె నుంచి 1 తీసేసి, సరివాటిని 5 నుంచి తీసేసి, మొత్తాన్ని 2.5తో గుణిస్తే 0 నుంచి 100 మధ్య స్కోరు వస్తుంది. అది శాతం కాదు. ఎన్నో అధ్యయనాలు కలిపి చూస్తే సగటు 68 దగ్గర ఉంటుంది, కాబట్టి 70 వచ్చిందంటే డిస్టింక్షన్ అనుకోవద్దు, సగటు కంటే కాస్త పైన, అంతే. యూజర్ టెస్టింగ్ అయ్యాక పదిహేను మందితో చేయించినా పోల్చుకోవడానికి పనికొస్తుంది. పాత వెర్షన్‌కు, కొత్త వెర్షన్‌కు తేడా చూపించాలంటే మంచి సాధనం.

తెలుగులో చేసేటప్పుడు ఒక జాగ్రత్త. "ఈ యాప్ అనవసరంగా క్లిష్టంగా ఉంది" అన్న వాక్యానికి "ఒప్పుకోను" అనాలంటే మనిషి రెండుసార్లు తిప్పి ఆలోచించాలి. చాలామంది అన్నిటికీ 5 పెట్టేస్తారు. అలా పెడితే స్కోరు సరిగ్గా 50 వస్తుంది. 50లు ఎక్కువగా కనిపిస్తే స్కోరును కాకుండా జవాబుల కాగితాలను చూడండి. చదివి వినిపించి, జవాబు నోటితో చెప్పించుకోవడం మేలు.

ఎన్‌పీఎస్ (నెట్ ప్రమోటర్ స్కోర్) 2003లో ఫ్రెడ్ రైకెల్డ్ వ్యాసంతో ప్రచారంలోకి వచ్చింది. "మీ స్నేహితులకు దీన్ని సిఫారసు చేస్తారా?" అని 0 నుంచి 10 వరకు అడుగుతారు. 9, 10 ఇచ్చినవాళ్ళ శాతం నుంచి 0 నుంచి 6 వరకు ఇచ్చినవాళ్ళ శాతం తీసేస్తారు. పెద్ద కంపెనీల బోర్డు మీటింగుల్లో దీనికి చోటుంది. డిజైన్ దిద్దడానికి మాత్రం నేను వద్దంటాను. యాభై మంది జవాబిచ్చారనుకోండి. ఇరవై మంది మెచ్చుకుని పదిహేను మంది తిట్టినా స్కోరు 10. ఐదుగురు మెచ్చుకుని, ఒక్కరూ తిట్టకుండా, మిగతా నలభై ఐదు మంది 7, 8 ఇచ్చినా స్కోరు 10. ఇవి పూర్తిగా వేరే పరిస్థితులు, చేయాల్సిన పనులు కూడా వేరు. నంబర్ ఒకటే.

కస్టమర్ కేర్ కాల్స్, ప్లే స్టోర్ రివ్యూలు కూడా జనం చెప్పేవే. ఖర్చు లేదు కాబట్టి చివరి వంద ఫిర్యాదులు తీసుకుని రకాలుగా విడదీయండి. ఒక మధ్యాహ్నం పని. మొదలుపెట్టడానికి ఇంతకంటే సులువైన చోటు లేదు. చప్పుడు చేయకుండా యాప్ తీసేసినవాళ్ళు అందులో ఉండరని మాత్రం గుర్తుంచుకోండి.

## అనలిటిక్స్

ఎంతమంది ఏ స్క్రీన్ దాకా వచ్చారు, ఎక్కడ వెళ్ళిపోయారు అన్నది దీనంత కచ్చితంగా ఇంకేదీ చెప్పదు. విడుదలైన యాప్‌కు ఇది లేకపోతే చీకట్లో ఉన్నట్టే. కానీ అంకెను అర్థం చేసుకునేది మనమే, పొరపాటు జరిగేదీ అక్కడే. ఒక స్క్రీన్ మీద జనం నాలుగు నిమిషాలు ఉన్నారంటే ఆసక్తిగా చదివారా, దారి తెలియక తిరిగారా? కిరాణా యాప్‌లో తగ్గింపు మీద పోసిన డబ్బంతా ఈ తేడా తెలియకపోవడం వల్ల పోయిందే.

ఏం కొలవాలో తెలియనివాళ్ళకు 2010లో గూగుల్ పరిశోధకులు ఇచ్చిన హార్ట్ అనే చట్రం ఉపయోగపడుతుంది. తృప్తి, ఎంత తరచుగా వాడుతున్నారు, కొత్తగా ఎంతమంది మొదలుపెట్టారు, ఎంతమంది నిలిచారు, పని ఎంతవరకు పూర్తయింది, ఈ ఐదు. చిన్న టీమ్ అయితే చివరి రెండూ చాలు.

సగటు దగ్గర ఆగకండి. ఎంచుకున్న భాషను బట్టి, ఫోన్ ధరను బట్టి విడదీసి చూడండి. మొత్తం మీద అరవై శాతం పని పూర్తి చేస్తున్నారంటే, అది ఇంగ్లీషు వాళ్ళు ఎనభై, తెలుగు వాళ్ళు నలభై కావచ్చు.

## ఏ/బీ టెస్ట్

సగం మందికి పాత డిజైన్, సగం మందికి కొత్త డిజైన్ చూపించి ఫలితం పోల్చడం. "ఏది మేలు" అన్న ప్రశ్నకు ఇంతకంటే గట్టి జవాబు లేదు. 2012లో బింగ్ సెర్చ్‌లో ప్రకటనల శీర్షిక చూపించే తీరును మార్చాలన్న ఒక సూచన నెలల తరబడి పక్కన పడి ఉంది. చివరికి ఒక ఇంజినీరు టెస్ట్ పెడితే ఆదాయం 12 శాతం పెరిగింది. ఒక్క అమెరికాలోనే ఏడాదికి 10 కోట్ల డాలర్లకు పైగా. ఎవరి ఊహకూ అందనిది టెస్ట్ పట్టుకుంది.

అది బింగ్. మీ దగ్గర అంతమంది ఉన్నారా? ముందు లెక్క వేయండి. ఇప్పుడు వందలో 5 మంది ఆర్డర్ పెడుతున్నారు, మార్పు వల్ల 6 అవుతుందని ఆశ. ఆ తేడాను నమ్మకంగా పట్టుకోవాలంటే ఒక్కో వైపు సుమారు 7,600 మంది కావాలి, మొత్తం 15,200. మీ యాప్‌కు వారానికి 1,200 మంది కొత్తగా వస్తే దాదాపు పదమూడు వారాలు. మూడు నెలలు ఒక బటన్ కోసం. మధ్యలో రోజూ తొంగిచూసి, బాగున్న రోజున "గెలిచాం" అని ఆపేస్తే ఆ లెక్క కూడా చెల్లదు.

ఇంకో ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. మనుషులను తికమకపెట్టే డిజైన్ ఏ/బీ టెస్ట్‌లో గెలుస్తుంది. ముందే టిక్ పెట్టిన బీమా, "ఇంకా రెండే మిగిలాయి" అనే అబద్ధం, "వద్దు, నాకు డబ్బు ఆదా చేయడం ఇష్టం లేదు" అనే బటన్, ఇవన్నీ అంకెను పెంచుతాయి. మన దేశంలో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఇలాంటి 13 రకాల మోసపు డిజైన్లను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం లేకపోయినా, కొట్టు పెట్టుకుని బతికే మనిషి జేబులోంచి అతనికి తెలియకుండా పది రూపాయలు లాగే స్క్రీన్‌ను డిజైన్ అనకూడదు.

## మీరు ఎవరో దాన్ని బట్టి

విద్యార్థి, ఒంటరిగా పనిచేసే ఫ్రీలాన్సర్: యూజర్ టెస్టింగ్ ఒక్కటే. కాగితం మీద గీసిన స్క్రీన్లతో కూడా అవుతుంది. పోర్ట్‌ఫోలియోలో "నలుగురిలో ముగ్గురు ఇక్కడ ఆగారు, అందుకే ఇది మార్చాను" అన్న ఒక్క వాక్యం పది అందమైన స్క్రీన్ల కంటే ఎక్కువ పలుకుతుంది.

ఐదు నుంచి పదిమంది టీమ్, కొన్ని వందల యూజర్లు: ఫిర్యాదుల జాబితాతో మొదలుపెట్టండి. అనలిటిక్స్‌లో జనం ఎక్కువగా ఆగే ఒక్క స్క్రీన్ ఎంచుకోండి. అక్కడ ఐదుగురితో టెస్ట్, వీలైతే రెండు, మూడు ఫీల్డ్ విజిట్లు. ఏ/బీ టెస్ట్ జోలికి వెళ్ళకండి, ఆ సంఖ్యతో అది ఏమీ చెప్పలేదు. నిపుణుడికి ఇచ్చే డబ్బు ప్రయాణానికి వాడండి.

లక్షల యూజర్లున్న కంపెనీ: మీకు అనలిటిక్స్, ఏ/బీ టెస్ట్ రెండూ ఉండే ఉంటాయి. మీకు తగ్గేది పక్కన కూర్చుని చూడటమే. టెస్ట్‌లో పోటీపడే రెండు డిజైన్లూ ఆఫీసు గదిలోనే పుడితే, రెండు తప్పుల్లో చిన్న తప్పు ఏదో మాత్రమే తెలుస్తుంది. నెలకు ఒకసారి ఇంజినీర్లు, మేనేజర్లు కూడా ఒక టెస్ట్ చూడాలని నియమం పెట్టుకోండి.

ఆరోగ్యం, బ్యాంకు, ప్రభుత్వ సేవలు: ఇక్కడ మనిషి "నచ్చలేదు" అని ఇంకో యాప్‌కు వెళ్ళలేడు. విడుదలకు ముందే నిపుణుల పరిశీలన, యూజర్ టెస్టింగ్ రెండూ తప్పనిసరి. చూపు లేనివాళ్ళతో, తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మీద తెలుగులో నడిపి చూడండి. మామూలు సైజు అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలని, దివ్యాంగులూ వాడగలిగేలా వెబ్‌ను ఎలా చేయాలో చెప్పే డబ్ల్యూసీఏజీ ప్రమాణం చెప్తుంది. అది కొలవడానికి రెండు నిమిషాలు చాలు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉన్నందువల్ల ఇది దయతో చేసే పని కూడా కాదు.

## దొరికిన తప్పుల్లో ముందు ఏది?

ఏ పద్ధతి ఎంచుకున్నా చివరికి ముప్ఫై, నలభై తప్పుల జాబితా మిగులుతుంది. అన్నీ దిద్దలేరు. ప్రతిదానికీ మూడు అడగండి. ఎంతమందికి తగులుతుంది? తగిలితే పని ఆగిపోతుందా, కాస్త చిరాకేనా? ఒకసారి తెలిశాక పోతుందా, ప్రతిసారీ వస్తుందా? పని ఆపేది, ప్రతిసారీ వచ్చేది ముందు. దిద్దడం సులువని చిన్నవాటితో మొదలుపెట్టకండి, వాటితోనే నెల గడిచిపోతుంది.

కిరాణా యాప్‌లో మొదట మార్చింది ఆ ఒక్క స్క్రీనే. "సంఖ్య: 1" తీసేసి, "ప్యాకెట్" అని ఒక బటన్, "పెట్టె" అని ఇంకో బటన్ పెట్టి, పెట్టె పక్కనే అందులో ఎన్ని ప్యాకెట్లో, మొత్తం ఎన్ని రూపాయలో రాశారు. "బండి" పోయి "ఆర్డర్ చీటీ" వచ్చింది. మళ్ళీ అవే ఆరు కొట్లకు వెళ్ళాం. ఐదుగురు ఎవరికీ ఫోన్ చేయకుండా ఆర్డర్ పూర్తి చేశారు. బిస్కెట్ల పెద్దాయన వాళ్ళలో ఒకరు. ఆరో ఆవిడ ఫోన్ చేతిలోకే తీసుకోలేదు. రాత్రి కొట్టు కట్టేసే ముందు తను కాగితం మీద రాసుకునే సరుకు చీటీ చూపించి, "దీన్ని ఫొటో తీసి పంపితే సరిపోదా అయ్యా?" అని అడిగింది. ఆ చీటీలు ఓ ఇరవై అడిగి తెచ్చుకుని, ఇప్పుడు వాటిని చదువుతున్నాం.